ట్యాంకు వెనక గోడ మీది స్క్రీన్లు

నాచారం,
శనివారం, 14 జూన్ 2025.

చి. గీతికకు మీ నాన్న ఆశీర్వదించి రాయునది.

ఈ గదిలో నేనూ, వంటింట్లో మీ అమ్మా కులాసా. తలుపు వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నువ్వూ కులాసాయేనని తలుస్తాను. పక్కగదిలోని కూతురికి ఉత్తరమేమిటని మీ అమ్మ నవ్వుతుందని, మునిసిపాలిటీకి అర్జీ రాస్తున్నానని చెప్పాను. నీకు ఎదురుగా చెబుదామని నిన్నటి నుంచి మూడుసార్లు నీ తలుపు దాకా వచ్చాను. ఒకసారి మంచినీళ్లు కావాలా అని, ఒకసారి ఫ్యాను తగ్గించనా అని అడిగి వెనక్కి వచ్చేశాను. మూడోసారి తలుపు తట్టకుండానే తిరిగొచ్చి ఈ కాగితం తీశాను.

సంగతి ఇది. సోమవారం ఉప్పల్‌లో ఉద్యోగం కోసం ఆ కంపెనీ వాళ్లకు నువ్వు చూపించబోయే యాప్ పరీక్ష ఫలితాలు నిజమైనవి కావు. వాటిని పాడుచేసింది నేను. కోపం తెచ్చుకో, కానీ ఉత్తరం పూర్తిగా చదివాక తెచ్చుకో.

స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం మానేసి యూఎక్స్ డిజైన్ కోర్సులో చేరతానన్నప్పుడు మీ అమ్మ రెండు రోజులు నీతో మాట్లాడలేదు. నేను సరేనన్నాను గానీ, ఫోన్‌లో పేజీలు గీయడం ఒక ఉద్యోగమా అని లోపల నాకూ బెంగగానే ఉండేది. ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబు కోసం ఒక యాప్ నమూనా, అది నీ మొదటి పని. దాన్ని ఎప్పుడూ చూడని ఐదుగురికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా, వాళ్లు ఎక్కడ ఆగిపోతారో చూసి రాసుకోవాలన్నావు. మన అపార్ట్‌మెంట్‌లో ఐదుగురిని కుదర్చమని నాకు అప్పజెప్పావు.

కుదిర్చాను. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. నాలుగు సాయంత్రాలు ఆ ఐదుగురినీ డాబా మీదికి పిలిచి, ట్యాంకు వెనక గోడ మీద సుద్దముక్కతో నీ స్క్రీన్లన్నీ వరసగా గీసి పాఠం చెప్పాను. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌లకు మీటర్లు పరీక్షించడం నేర్పినవాణ్ణి కదా, చెప్పడం మొదలుపెడితే ఆగలేను. కింద కుట్టుమిషను పెట్టుకున్న శాంతాబాయి చివరిరోజున విసుక్కుంది కూడా. "ఏంది సార్, చిన్నపోరలకు జెప్పినట్టు జెప్తున్నరు. ముందుగాల పచ్చది ఒత్తాలె, తర్వాత తారీఖు, ఎన్కసిరి నీలంది. గంతే గదా" అంది. రెండో అంతస్తులో ఉండే రైల్వే పాండురంగ గారైతే అంతా కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు.

పరీక్ష రోజున నువ్వు ప్రశ్న సగం అడిగేసరికే శాంతాబాయి పచ్చ బటన్ నొక్కేసింది. పాండురంగ గారు అడుగడుగునా జేబు తడుముకోవడం నువ్వు గమనించలేదు. ఐదుగురూ నిమిషంలోపే ముగించారు. "నాన్నా, ఒక్కరు కూడా ఆగలేదు" అని నువ్వు సంబరపడుతుంటే నేను కుర్చీలు సర్దే వంకతో పక్కకు తప్పుకున్నాను.

అయినా నోరు మూసుకునే ఉండేవాణ్ణేమో. నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర నువ్వొక మాట చెప్పావు. కంపెనీ వాళ్లు అక్కడికక్కడే ముక్కూమొహం తెలియని మనిషిని పిలిచి, నీ ముందే నీ నమూనా చేతికిస్తారట. నాకేం భయం లేదు అంటూ నువ్వు ఇంకొంచెం పప్పు వేసుకున్నావు. నేను కంచం తీసుకుని లేచిపోయాను.

మా సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పేవాణ్ణి, రీడింగ్ తప్పొస్తే తప్పే రాయండి, మీటరు పరువు కాపాడటం మన పని కాదు అని. సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మరిచిపోయాను.

నిజమైన రీడింగ్ ఒకటి మాత్రం నా దగ్గర ఉంది. బోడుప్పల్‌లో గోపాలరావు అని మా సెక్షన్‌వాడే, నీకు తెలియదు. ఎవరూ ఏమీ నేర్పకముందే నీ నమూనా చూశాడు. రక్తపరీక్షలు, తారీఖు ఎంచుకునేదాకా బాగానే వెళ్లాడు. రోజు మార్చుకుందామని వెనక్కి బాణం నొక్కితే ఏకంగా మొదటి పేజీకి పోయిందట. మళ్లీ మొదలుపెట్టాడు. "కొనసాగించు" అన్న నీలం బటన్ దగ్గర పావుగంట ఆగిపోయాడు. ఎక్కడ నొక్కాలో తెలుసు, నొక్కితే ఏమవుతుందో తెలియదు అన్నాడు. రక్తం తీసే మనిషి వెంటనే బయల్దేరిపోతాడా, ఇంకేమైనా అడుగుతారా, రెండుసార్లు చేసినందుకు ఇద్దరు వస్తారా అని భయం. చివరికి ఫోన్ ఆపేసి దిండు కింద పెట్టేశాడు. తెలివితక్కువవాడేం కాదు. మీటరు ముల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా పట్టేసేవాడు.

ఇంకా రెండు రోజులున్నాయి. లాలాపేట్ మార్కెట్‌కో మరెక్కడికో వెళ్లి, కొత్తవాళ్లకు చూపించు. నేను వెంట రాను. బాగా రాకపోతే రాలేదనే సోమవారం వాళ్లకు చెప్పు, ఎందుకు రాలేదో కూడా చెప్పు. నావల్ల ఈ కొత్త పనిలో నీ మొదటి ఉద్యోగం చేజారిపోతుందేమోనని చాలా భయంగా ఉంది. నన్ను క్షమించు తల్లీ. ఈ ఉత్తరం నీ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టి, పాలకని చెప్పి బయటికి వెళ్తున్నాను.

నీకు మేలు చేయబోయి ఇంత పని చేసిన
నాన్న,
చలపతిరావు

తా.క.: బోడుప్పల్‌లో నాకు గోపాలరావు అనేవాడెవడూ లేడు. నెల కిందట ఒక ఆదివారం నాకు లింకు పంపి, ఊరికే చూడు నాన్నా అన్నావు, గుర్తుందా? సాయంత్రం ఎలా ఉందని అడిగితే, ఛార్జింగ్ అయిపోయింది, చూడలేదన్నాను. అప్పటికి ఫోన్ నా దిండు కింద ఉంది. ఇంట్లో ఏ యంత్రం పాడైనా నన్నే పిలిచేదానివి, నాకు చేతకాలేదని నీతో చెప్పలేకపోయాను. నాకే రానిది ఆ ఐదుగురికేం వస్తుంది, నా బిడ్డ మొహం చిన్నబోతుంది అనుకుని, ముందు నేను పట్టుబట్టి నేర్చుకుని సుద్దముక్క పట్టుకున్నాను. ఆ నీలం బటన్ మార్చాక ఫోన్ తెచ్చి నా చేతికివ్వు. ఈసారి ముందే నేర్చుకుని కూర్చోను. నేను తడబడితే సాయం చేయకు, రాసుకో.