నీ కంప్యూటర్ లేవడం లేదు

అమ్మాయీ, నీ కంప్యూటర్ లేవడం లేదు. కంగారుపడకు, నువ్వు గీసిన ఇంటి ప్లాన్లు ఒక్కటీ పోలేదు. టేబుల్ మీద ఎర్ర పెన్‌డ్రైవ్ ఉంది. అది పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కుతూ ఉండు. వచ్చిన జాబితాలో యూఎస్‌బీ అన్నదాని మీద ఎంటర్ కొట్టు, ఆ పెన్‌డ్రైవ్‌తోనే లేస్తుంది. ప్లాన్లన్నీ అందులోకే కాపీ చేశాను, "అమ్మాయి పని" అన్న ఫోల్డర్ తెరువు. సాయంత్రం లోపు పంపాలన్నావుగా, పంపెయ్. మీ ఆయన్ని మాత్రం పిలవకు. వాడొస్తే అంతా తుడిచేసి చేతులు దులుపుకుంటాడు.

నిన్న నువ్వు సైటుకి వెళ్ళినప్పుడు డిస్కులో ఫైళ్ళు సర్దుకునే పద్ధతిని, అదే రూట్ ఫైల్ సిస్టమ్‌ని, కొత్త రకంలోకి మార్చాను. అన్నిటికంటే ముందు లేచే బూట్ ప్రోగ్రాముకి ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను. ఇల్లు మారి పోస్ట్‌మ్యాన్‌కి చెప్పనట్టయింది. అది పాత అడ్రసులో వెతికి, ఎవరూ లేరని ఆగిపోతోంది. ఆఫీసు నుంచి వచ్చాక సరిచేస్తాను. అక్కడి సర్వర్లన్నీ నేనే లేపుతానని కోతలు కోసి, ఇంట్లో నీదొకటి పడుకోబెట్టాను.

ఈ ప్లాన్లు అయ్యేదాకా ఆగండత్తయ్యా అన్నావు. వినలేదు. రోజూ కంప్యూటర్ మెల్లగా తెరుచుకునేదాకా నువ్వు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే చూడలేకపోయాను. అయినా, నా వంటింట్లో నన్నడక్కుండా గరిటె కూడా జరపొద్దంటానే, ఏ మొహం పెట్టుకుని నీ దాంట్లో వేలు పెట్టానో!

కోపమొస్తే నా మొహం మీదే అను. నువ్వు "పర్లేదత్తయ్యా" అంటేనే నాకు భయం.

కాగితంలో చోటు లేదు, ఇదొక్కటి. వంటిల్లు ఇవాళ నీ ఇష్టమొచ్చినట్టు సర్దుకో. గరిటె కనపడకపోతే నేనే నిన్నడుగుతాను.