చద్దిగిన్నె పాఠం

ఆత్మకూరు,
14-7-54

అవ్వ పాదాలకు నమస్కారం. నా జ్వరం పూర్తిగా తగ్గింది, బెంగ పెట్టుకోవద్దు.

నిన్న మా బడికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఆయన మంచి రిపోర్టు రాస్తేనే నా ఉద్యోగం ఖాయమవుతుంది. తాజా తిండినీ పాడైన తిండినీ ఇంగ్లీషులో ఏమంటారో పాఠం చెప్పాను. బల్ల మీద రెండు గిన్నెలు పెట్టి, వేడన్నం ‘ఫ్రెష్’ అనీ, మజ్జిగ పోసి ఉల్లిపాయ వేసిన చద్దన్నం ‘స్టేల్’, అంటే పారేయాల్సిందనీ చెప్పాను.

పోలేరమ్మ అనే పిల్ల లేచి, “పారేసేదేంది సార్? మా నాయన దినామూ అదే తిని మడక దున్నను పోతాడు!” అంది. నేను గబుక్కున వెనక్కి తిరిగాను. నల్లబల్ల మీద ‘ఫ్రెష్’, ‘స్టేల్’ అని రాసి ఇటు తిరిగేసరికి చద్దిగిన్నె ఖాళీ! ఇన్‌స్పెక్టరుగారు మూతి తుడుచుకుంటూ, “పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కినానయ్యా. ఊరగాయ లేదా?” అన్నారు.

వేడన్నం నేనే తిన్నాను.

సోమవారం మళ్ళీ వచ్చి, ఇదే పాఠం విని, రిపోర్టు రాస్తారట. నిరుటి మాగాయ ఒక జాడీ ఉదయగిరి బస్సులో పంపు. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? బర్రె ఈనిందా? జాడీ మూతికి గుడ్డ గట్టిగా కట్టు. బూజు పడితే ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు.

నీ మనవడు,
మల్లికార్జునం