బేబి వందన సమర్పణ

జగ్గయ్యపేట,
14 ఆగస్టు 2008.

ప్రియమైన అక్కయ్యకు, నీ తమ్ముడు బుల్లిబాబు వందనాలు. ప్రభువు కృప వల్ల ఇక్కడ అమ్మ, ప్రమీలారాణి, నేను బాగానే ఉన్నాం. పాలకొండలో నువ్వూ బావా ఆరోగ్యంగా ఉండాలని రోజూ ప్రార్థన చేస్తున్నాం.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన డిస్కు పోయిన నెలలోనే అందాయి. జవాబు ఆలస్యమైనందుకు కోపం తెచ్చుకోకు. అసలు కోపం తెచ్చుకోవాల్సింది కింద ఉంది, అక్కడికి దాచుకో.

ముందు నువ్వడిగినవి చెబుతాను. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన మర్నాడే వంటింటి గోడ మీద మసి కనిపెట్టింది. ఈ ఆపరేషన్ ఎందుకు చేయించామా అని నీ మరదలు ప్రమీల నా దగ్గర గొణుగుతోంది. ఆదివారం ఆరాధన అయ్యాక నందిగామ వెళ్ళాను. వానలకు బేబి సమాధి చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది, పీకేశాను. రాతి మీద పేరు వెలిసిపోతే మళ్ళీ రంగు వేశాను. పన్నెండేళ్ళ మేనకోడలికి అంత పెద్ద రాయి ఎందుకు పెట్టామా అని వెళ్ళినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక డిస్కు సంగతి. "బేబి మొహం ఫొటోల్లో ఉందిరా, గొంతు ఇందులో తప్ప ఎక్కడా లేదు. మైకు దగ్గరికి రాగానే బొమ్మ ఆగిపోతోంది. నీ దగ్గర అసలు కెమెరా టేపు ఉంది కదా, రెండు డిస్కులు తీసి పంపు. ఒకటి చూసుకుంటా, ఒకటి బీరువాలో దాచుకుంటా" అని రాశావు.

ఆ క్రిస్మస్ నాకు కళ్ళకు కట్టినట్టుంది. 2005లో, మీరు నందిగామలో ఉన్నప్పుడు. సండేస్కూలు పిల్లల తరఫున వందన సమర్పణ బేబిది. నాలుగు నిమిషాలు, చీటీ చూడకుండా, పాస్టరుగారి దగ్గర్నుంచి బెంచీలు మోసినవాళ్ళ దాకా అందరి పేర్లూ చెప్పింది. చివర్లో "లైటు నా కళ్ళల్లోనే కొట్టిన మా కెమెరా మావయ్యకు కూడా వందనాలు" అంది. చర్చి అంతా నవ్వింది. నాకు చెయ్యి ఊగి బొమ్మ కూడా ఊగింది, గుర్తుందా?

ఆ రోజుల్లో నేను మా వీడియో షాపులో ఇచ్చే డీవీడీలకు లాక్ పెట్టడం మొదలుపెట్టాను. పెళ్ళివాళ్ళు నా దగ్గర ఒక్క డిస్కు తీసుకుని బస్టాండు దగ్గరి షాపులో పది కాపీలు కొట్టించుకునేవాళ్ళు. ఒళ్ళు మండి ఆ సాఫ్ట్‌వేర్ తెచ్చాను. కవరు మీద 'కాపీ చేయడం సాధ్యం కాదు' అని ఎర్రక్షరాలతో వేయించుకుని మురిసిపోయాను. దాన్ని తాళం అంటాం గానీ తాళంచెవి ఉండదు. డిస్కు రాసేటప్పుడే ఆ సాఫ్ట్‌వేర్ అక్కడక్కడా కావాలని చెడగొడుతుంది, అంతే. టీవీ దగ్గరి ప్లేయర్ ఆ చోట్ల జోలికి పోదు. కంప్యూటర్‌లో కాపీ తీయబోతే మాత్రం అక్కడ ఇరుక్కుని ఆగిపోతుంది.

నీ డిస్కుకూ పెట్టాను. సొంత అక్క డిస్కు కదా, దానికెందుకు అని ఒక్క క్షణం ఆగలేదు.

అప్పుడు బావ ఫోన్ చేశాడు. "ఏంటయ్యా బుల్లిబాబూ, ఇంట్లో ఇంకోటి తీసి ఉంచుకుందామంటే దిగట్లేదు. లాక్ గీక్ ఏమన్నా పెట్టావా?"

"అబ్బే, లేదు బావా. మీ కంప్యూటర్‌లో డీవీడీ రైటర్ మంచిది కాదేమో" అన్నాను. నీ డిస్కు కూడా బస్టాండు షాపుకు పోతుందేమోనన్న దిక్కుమాలిన అనుమానం. పాపం, బావ వెళ్ళి కొత్త రైటర్ కొన్నాడు.

అక్కా, టేపు లేదు. ఆ క్రిస్మస్ తర్వాత ఫిబ్రవరిలో చందర్లపాడు పెళ్ళిలో టేపులు చాలక, సంచిలో చేతికి దొరికిన ఆ టేపు మీదే పెళ్ళి తీసేశాను. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని అప్పటికే చెరిపేశాను. అప్పటికి బేబి బతికే ఉంది. అక్టోబరులో జ్వరం వస్తుందని, మూడు రోజుల్లో పోతుందని నాకేం తెలుసు?

సమాధి దగ్గర నువ్వు నా చెయ్యి పట్టుకుని, "బేబి గొంతు నీ దగ్గర భద్రంగా ఉంది కదరా?" అన్నావు. "ఉందక్కా" అన్నాను. ఆ ముక్క అన్నప్పుడే నాకు నిజం తెలుసు.

దాని కన్నా పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. అప్పటికి నీ డిస్కు బాగానే ఉంది. ఒక్కసారి తెప్పించుకుని, ప్లేయర్‌లో వేసి, వైరు తగిలించి కెమెరాలోకి ఎక్కించుకుంటే సరిపోయేది. లాక్ దానికి అడ్డం రాదు. కానీ డిస్కు అడిగితే టేపు లేదని నీకు తెలిసిపోతుంది. అందుకని అడగలేదు. దాదాపు రెండేళ్ళు, అక్కా. నువ్వేమో రోజూ ఆ నాలుగు నిమిషాలే వెనక్కి తిప్పి తిప్పి చూశావు. డిస్కును రోజూ తీసి పెట్టడంలో సరిగ్గా అక్కడే గీతలు పడ్డాయి. అందులో నీ తప్పేం లేదు.

నువ్వు పంపాక ఆ డిస్కును విజయవాడ తీసుకెళ్ళాను. అక్కడి రిపేరు ఆయన రెండు రోజులు కుస్తీ పట్టి, "గీతల వల్ల పోయిందేదో, ఎవరో కావాలని పాడు చేసిందేదో మెషీన్‌కి తెలీట్లేదండీ. ఎవడోగానీ పాపం మూటగట్టుకున్నాడు" అన్నాడు. కవరు మీద నా షాపు పేరుంది. దాన్ని అరచేత్తో మూసుకుని బయటికొచ్చాను.

ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. అమ్మకు కూడా ఇంకా చెప్పలేదు. నువ్వు నా గడప తొక్కనన్నా నాకు మాట్లాడే హక్కు లేదు.

చివరికి పదకొండు సెకన్లు దక్కాయి. బేబి మైకు దగ్గరికి వస్తుంది. వేలితో రెండుసార్లు కొడుతుంది, ఆ టకటక వినబడుతుంది. గట్టిగా ఊపిరి తీసుకుంటుంది, అదీ వినబడుతుంది. నోరు తెరుస్తుంది. అక్కడితో అయిపోయింది.

వాటినే నాలుగు డిస్కుల్లోకి ఎక్కించి పంపుతున్నాను. వీటికి లాక్ లేదు. బావను ఎన్ని కావాలంటే అన్ని తీసుకోమను.

ఇట్లు,
నీతో అబద్ధమాడిన నీ తమ్ముడు,
బుల్లిబాబు