ఇస్త్రీ పెట్టెలో అయస్కాంతం

మే 4, మంగళవారం

సూది నిలవడం లేదు.

నిన్నటిదాకా ఈ పలకకి నాలుగు పిన్నీసులు గొలుసులా వేలాడేవి. ఇప్పుడు ఒక్క గుండుసూది... అంటుకున్నట్టే అంటుకుని రాలిపోతుంది. ఏడెనిమిదిసార్లు పెట్టి చూశాను.

బి.ఎస్సీ. ఫిజిక్సు. ఎర్రగా కాలిస్తే అయస్కాంతత్వం నశిస్తుందని పరీక్షలో రాశాను. కింద గీత కూడా గీశాను.

మే 5, బుధ

వరసగా రాస్తాను.

చర్చి గిటారు. సామ్యూలన్నది. అన్న లారీ కింద పడి పోయి ఆరేళ్ళు. వాళ్ళ నాయన, చర్చి పెద్ద, డీకన్ ఏసురత్నంగారు, దాన్ని చర్చికి ఇచ్చేశారు. ఏడాదికొక్కసారి, అన్న జ్ఞాపకార్థ కూటం రోజున, గిటారు నేర్పే దుత్తలూరు సారు వచ్చి ఒకే ఒక్క పాట వాయిస్తారు. తర్వాత బీరువాలోకి. తాళం మా నాయన దగ్గర, చర్చి వాచ్‌మన్ కాబట్టి. ఆయన మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా తీసి వాయించేది నేను. ఎవరికీ తెలియదు.

తీగల కింద రెండు పికప్‌లు. తీగ కదిలితే విని, స్పీకరు పెట్టెకి పంపేవి అవే. ఒక్కోదాని అడుగున ఒక అయస్కాంతం పలక. ముందుదాని పలక ఊడి గలగలమంటోంది. తీసి, మళ్ళీ అంటిద్దామనుకున్నాను. పాత బంక రాయిలా ఉంది. గోరుకి రాలేదు, కత్తికి రాలేదు. పక్కనే ఇస్త్రీ పెట్టె, నాయన చొక్కా కోసం నిప్పులు వేసి... మెత్తబడుతుంది కదా అని నిప్పుల మీద పెట్టాను. ఇంతలో అమ్మ — "బోరింగు కాడ మన వరస వచ్చినాది, బిందె తే." వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఏది నిప్పో ఏది పలకో తెలియలేదు.

బంక మాత్రం పోయింది.

కూటం పదహారున. గిటారు పలకకపోతే ఎవరు ముట్టారని డీకన్‌గారు అడుగుతారు. తాళం ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలుసు. హార్మోనియం మెట్టు ఒకటి విరిగిందని పాత వాచ్‌మన్ సామాను సాయంత్రానికల్లా బయట పెట్టించారు. మేమున్నది అతని క్వార్టరే. అతని పిల్లల ఎత్తులు గీసిన గీతలు గోడ మీద ఇంకా ఉన్నాయి.

మే 6

"మొహం ఏంది మే అట్టుండాది?" — నాయన.

"ఎండ."

మే 8, శని

గుర్తొచ్చింది! ఆత్మకూరు బస్టాండు ఎదురుగా, స్కూటర్లు బాగుచేసే షెడ్డు మీద బోర్డు — మాగ్నెట్ చార్జింగ్ చేయబడును. స్కూటరు అయస్కాంతం నీరసిస్తే మళ్ళీ శక్తి ఎక్కిస్తారు. డిగ్రీ మూడేళ్ళూ ఆ బోర్డు చదువుతూనే బస్సు ఎక్కాను.

మే 10, సోమ

బి.ఎడ్. అప్లికేషన్ అని అబద్ధం చెప్పి ఆత్మకూరు వెళ్ళాను.

మస్తాన్ భాయ్ పలకని అటూ ఇటూ తిప్పాడు. "లూనాదా, స్కూటర్‌దా?"

"గిటారుది."

"గిటారుకి ఇంజనుండాదా అమ్మా?"

బెంచీ మీద కూర్చున్న లూనా పెద్దమనిషి — "లీటరుకి ఎన్ని పాటలిస్తదో అడుగు భాయ్."

నవ్వాను.

"కాల్చినావా దీన్ని?"

"కాలింది."

"దానంతట అది కాలదులే," అన్నాడు.

రాగి తీగ చుట్టిన రెండు ఇనప దిమ్మెలు. మధ్యలో పలక పెట్టబోతూ ఆగాడు. "ఏ మొహం పైకి? ఉత్తరం అటే పడతాది."

గుర్తు పెట్టుకోలేదు. తీసేటప్పుడు పెన్సిలుతో ఒక్క గీత గీసుకుని ఉంటే...

"స్కూటరు చక్రమైతే నాకు తెలుసు. నీ గిటారు సంగతి నీకే తెలవాల."

"ఇట్టా," అన్నాను. తెలిసినదానిలా.

స్విచ్చి నొక్కాడు. దబ్‌మని ఒక్క చప్పుడు, షెడ్డులో బల్బు మసకబారింది. పలకని ఇనుము మీంచి ఊడదీయడానికి అతనికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. బస్సులో దారి పొడుగునా పిన్నీసులు పెట్టి తీసి, పెట్టి తీసి... పక్క సీటు ఆవిడ జరిగి కూర్చుంది.

మే 11

అంటించాను, గట్టి బంకతో. రెండో పికప్‌తో పోల్చి చూడాల్సింది. నాయన దగ్గు వినిపించింది, గిటారు బీరువాలో పెట్టేశాను.

మే 12, బుధ

అయిపోయింది.

గిటారు స్విచ్చికి మూడు చోట్లు. పైన ముందు పికప్, కింద వెనకది, మధ్యలో రెండూ. అన్న ఆఖరిసారి మధ్యలో వదిలాడని డీకన్‌గారు దాని మీద ప్లాస్టరు అంటించారు. ఆరేళ్ళుగా దుత్తలూరు సారు కూడా దాన్ని కదపలేదు. నేనూ కదపలేదు. ఈరోజు పీకాను, కొత్త పలక ఒక్కటే ఎలా పలుకుతుందో వినాలని.

పైన — బాగుంది. కింద — బాగుంది. మధ్యలో... జలుబు చేసిన గొంతు. రేకు డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టు. అన్న గిటారు గొంతు లావుగా, గుండెలోంచి వచ్చేది. అది లేదు.

పలక తిరగబడింది. ఒకటి లాగుతుంటే ఇంకొకటి తోస్తోంది. ఒకదాని గొంతు ఇంకొకటి నొక్కేస్తోంది.

పాత ప్లాస్టరు మళ్ళీ అంటలేదు. కొత్తది తెల్లగా మెరుస్తోంది. టీ డికాషన్ రాశాను. పాతదానిలా ఉంది. కాదు, లేదు.

మే 13

పలక ఊడదీయక్కర్లేదు. పికప్ నుంచి వచ్చే రెండు వైర్లూ అటుదిటు మారిస్తే చాలు, రెండూ మళ్ళీ కలిసి పలుకుతాయి. పదినిమిషాల పని. వైర్లు అతికే సాల్డరింగ్ ఐరన్ ఒక్కటి కావాలి.

మే 14

రేడియో షాపులో అడిగాను. "రేపు పొద్దున రా పాపా."

మే 15, శని

సాల్డరింగ్ ఐరన్ పైట చాటున పెట్టుకుని గేటు దాటుతున్నాను. డీకన్‌గారు ఎదురొచ్చారు. భుజాన గిటారు.

"ఈసారి తీగలు మీ నాయన తుడవక్కర్లా, నేనే తుడుస్తాలే అమ్మాయ్." చూపు నా పైట దగ్గర ఆగింది. కింద వేలాడే వైరు. "ఏంది, రేడియో చెడిందా?"

"అవునయ్యగారూ."

మాకు రేడియో లేదు. అది ఆయనకి తెలుసు.

మే 16, ఆదివారం

పొద్దున ఆరున్నర. నాయన దగ్గర తాళాలు తీసుకుని డీకన్‌గారు ఒక్కరే గిటారుతో చర్చిలోకి వెళ్ళారు. ఆరాధనకి ఇంకా మూడు గంటలుంది.

స్పీకరు పెట్టె గుర్రుమంది. ఒక తీగ. సన్నగా, రేకు డబ్బాలోంచి. మళ్ళీ అదే తీగ.

"స్పీకరు పోయినట్టుండాది," అన్నాడు నాయన, గడ్డం గీసుకుంటూ. సగం మొహం నురగ. "నన్నే అంటాడు. పోయి చూసొస్తా."

"నువ్వుండు నాయనా."

ఆగింది. ప్లాస్టరు పీకే చప్పుడు ఇంతదూరం రాదు. అయినా చెవులు రిక్కించాను.

తీగ. నిండుగా — పైన. తీగ. నిండుగా — కింద. మళ్ళీ సన్నగా.

వెతుకుతున్నారు.

చెప్పులు మెట్ల మీదికి వచ్చాయి. "కరుణా."

నాయన పేరు కాదు. నాది.

నాయన బ్లేడు గాలిలో ఆగింది. "నిన్నెందుకు మే?"

ఐరన్ దిండు కింద ఉంది. తీశాను, చల్లగా ఉంది. తీసుకెళ్ళాలా, వద్దా... మళ్ళీ పిలిచారు — ఐరన్ చేతిలోనే ఉంది, వెళ్తున్నాను.