రాయని కాగితానికి సాక్షి

నంద్యాల,
12-7-1999

శివశంకరన్నకు,

మీ విత్తనాల ఆఫీసులో తొమ్మిదేండ్లుగా రాతపని చూస్తాండా. నోటితో చెప్తే మధ్యలోనే అరుస్తారని కాగితం మీద పెడతాండా.

ఆఫీసోళ్లకు వ్యాపార చట్టం నేర్పించే క్లాసుకు నాలుగు ఆదివారాలు నన్ను పంపింది మీరే. అగ్రిమెంట్లు గట్టిగా రాసేది నేర్చుకొని రమ్మంటిరి. నేర్చుకొనే వస్తి. ఒప్పందమంటే ఇద్దరూ తెలిసి ఒప్పుకోవాలంట. సాక్షి అంటే సంతకం పెట్టేటప్పుడు కండ్లారా చూసినోళ్లంట.

మరి మనం చేస్తాండేది ఏందీ? విత్తనాల అగ్రిమెంటని చెప్పి ఆళ్లగడ్డ రైతులతో ఏమీ రాయని స్టాంపు పేపర్ల మీద మీరు వేలిముద్రలు వేయించుకొస్తారు. ఆ కట్ట నా టేబులు మీద పడేస్తే, రైతు మొగమన్నా చూడకుండా సాక్షి సంతకాలు పెడతాంటి. టీ తాగుతా పెడతాంటి. పేచీ వచ్చిననాడు మీకు కావాల్సింది దాంట్లో రాసుకుంటారు. తల్చుకుంటే నా మీద నాకే మండుతాంది.

శనివారం దొర్నిపాడు రైతు ఓబులేసు కాగితం మీద నేను సాక్షి సంతకం పెట్టనంటే, "ఇది నేర్చుకునేకేనా నిన్ను పంపింది?" అని అందరి ముందర అరిస్తిరి. అవునన్నా, ఇదే నేర్పించినారు. మొదటి ఆదివారమే.

రేపటి నుంచి పనికి రాను. పాత కాగితాలు చింపమని అడగను, భద్రంగా పెట్టుకోండి. ఎప్పుడన్నా వాటిని కోర్టుకు తీసుకపోతే సాక్షిని పిలుస్తారు. పేరు నాదే ఉంటాది. తప్పకుండా వస్తా. నేను సంతకం పెట్టిననాటికి ఆ కాగితంలో ఒక్క అక్షరం కూడా లేదని చెప్తా.

ఇట్లు,
మీరే పంపి చదివించిన గుమాస్తా