అచ్చు వేయొద్దన్న నాలుగు పేజీలు

ఇబ్రహీంపట్నం,
3 నవంబర్

ప్రియమైన లీదియాకు,

ముప్పై తొమ్మిదేళ్ల స్నేహం కాబట్టి 'ప్రియమైన' అని రాశాను. ఈ రోజు మనసులో ఆ మాట లేదు.

రచయిత్రివని మా ఊరి బడివాళ్లు నిన్ను పది రోజులు పిలిచారు. పిల్లల చేత కథలు రాయిస్తావనుకున్నాను. నువ్వేమో ఇళ్లలోని సంగతులు తవ్విస్తున్నావు. 'మీ ఇంట్లో ఎవరైనా ఏడ్చిన రోజు గురించి రాయండి' అన్నావట. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చే పనేనా అది? నా మనవరాలు అంకిత నాలుగు పేజీలు రాసింది. పద్నాలుగున పుస్తకం వస్తుందట, స్టేజీ మీద తనే చదువుతుందట. వాళ్లమ్మ వైశాలి అప్పుడే చీర తీసి పెట్టుకుంది.

ఆ నాలుగు పేజీలు పుస్తకంలోంచి తీసెయ్. స్టేజీ మీద చదవనివ్వకు. కారణం అడగకు.

ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నాను. బడి అటెండర్ సాయన్న చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

నర్మద

తుర్కయాంజాల్,
4 నవంబర్

ప్రియమైన నర్మదా,

నేను మాత్రం మనసులో ఉండే రాశాను, ఇప్పటికైతే.

తీసెయ్యను. పిల్లలు రాసినవాటిలో అదే అన్నిటికంటే మంచిది. పైగా నిన్ను తక్కువ చేసిన మాట అందులో ఒక్కటీ లేదు. వాళ్లమ్మకు వచ్చిన టీచర్ ఉద్యోగం కాగితం గడువు దాటాక చేతికందిందని, ఆ రోజు నువ్వు కోడలి పక్కన కూర్చుని ముద్దలు కలిపి తినిపించావని రాసింది. 'మా నాన్నమ్మ అబద్ధం చెప్పదు. అందుకే ఆమె ఓదారిస్తే మా అమ్మ ఊరుకుంది' అని ముగించింది. చిత్రకారుడు భిక్షం గారు అది చదివి, ముద్ద పెడుతున్న ఆ చేతిని బడి గోడ మీద పిల్లల చేత వేయిస్తున్నారు.

ముప్పై ఒక్క ఏళ్లు ఊరి పిల్లలకు రాయడం నేర్పిన టీచరువి. ఇప్పుడు సొంత మనవరాలి పెన్ను లాక్కుంటావా? ట్రైనింగ్‌లో మేమంతా వార్డెన్ కంటే నీకే ఎక్కువ భయపడేవాళ్లం. ఏమీ మారలేదు నువ్వు.

అంకితను అడిగాను. "నాన్నమ్మ జర కోపంగుంది మేడం, మల్ల ఆమెనే ఊకుంటది" అంది.

లీదియా

ఇబ్రహీంపట్నం,
7 నవంబర్

లీదియాకు,

నిన్న పదిన్నరకు బడికి వచ్చి, హెడ్మాస్టర్ మల్లేశయ్య గారి టేబుల్ మీది నుంచి ఆ పేజీలు తెచ్చుకున్నాను. దొంగతనమంటావు, అనుకో. "అమ్మా, గిట్ల తీస్కపోతే మేడంకు నేనేం చెప్పాలె?" అన్నాడాయన. "నర్మద టీచర్ తీస్కపోయిందని చెప్పుండ్రి" అన్నాను. గోడ మీది చేతికి సున్నం కొట్టించమని కూడా చెప్పి వచ్చాను.

అంకిత నాతో పలకడం లేదు. "నా పేరు అచ్చుల వస్తె నీకు మండుతున్నది" అంది, ముఖం మీదే. వైశాలి దాన్ని కసురుకుంది. "నాన్నమ్మనే గట్లంటవా? ఆమె లేకుంటె ఆ దినం నేనేమైపోదునో" అంది. కోడలు నా తరఫున మాట్లాడుతుంటే అక్కడ నిలబడలేకపోయాను.

నీ పది రోజులు అయిపోగానే నువ్వు వెళ్లిపోతావు. ఈ ఇంట్లో ఉండేది మేము.

నర్మద

తుర్కయాంజాల్,
8 నవంబర్

నర్మదా,

నువ్వు ఎత్తుకుపోయింది జిరాక్సు. అసలు కాగితాలు నా దగ్గరున్నాయి. సోమవారం పొద్దున ప్రెస్సుకు పంపుతున్నాను.

నీకు పొగడ్త కూడా నీ అనుమతి తీసుకునే రావాలి కాబోలు. ఆ పిల్ల నిన్న క్లాసులో చివరి బెంచీలో కూర్చుని ఒక్క అక్షరం రాయలేదు. అది నువ్వు చేసిన పని.

ఆదివారం సాయంత్రంలోగా ఒక్క సరైన కారణం చెప్పు, ఆపుతాను. చెప్పకపోతే, ఇక నాకు ఉత్తరాలు రాయకు.

లీదియా

ఇబ్రహీంపట్నం,
9 నవంబర్, ఆదివారం

ప్రియమైన లీదియా,

ఆ కాగితం ఆలస్యంగా రాలేదు.

2013 జూన్ 11, మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది నేను. ఆదిలాబాద్ వైపు ఒక హాస్టల్ బడిలో ఉద్యోగం, చేరడానికి పదిహేను రోజుల గడువు. అంకితకు అప్పుడు పదకొండు నెలలు. పిల్లను తీసుకుని వెళ్లిపోతుందని భయపడ్డాను. బీరువాలో నా చీరల కింద దాచి, గడువు దాటిన మూడో రోజు "ఇగో, ఇప్పుడే వచ్చింది" అని చేతికిచ్చాను. ముద్దలు కలిపి పెట్టిన మాట నిజమే. జీవితంలో అంత సిగ్గుమాలిన పని ఇంకొకటి చేయలేదు.

అంకిత ఇంట్లో విని తనకు తెలిసిందే రాసింది. ఆ తెలిసింది నేను చెప్పిన అబద్ధం. తల్లి ఎదురుగా నిలబడి అది చదివితే, నేను కింద కూర్చుని చప్పట్లు కొట్టాలి. అందుకే తీసెయ్యమన్నాను.

నీకు రాసి, వాళ్లకు చెప్పకుండా ఉండటం కుదరదు. అందుకే పొద్దున ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. వైశాలి "అత్తమ్మా, పద్దెనిమిది దినాలు. దినాం మిమ్మల్నే అడిగిన, ఉత్తరమొచ్చిందా అని" అంది. బట్టలు సర్దుకుని మీర్‌పేటలో వాళ్ల అన్న ఇంటికి పోయింది. ఎప్పుడొస్తావని అడిగే ముఖం నాకు లేదు.

అంకిత వెంట పోలేదు. "మల్ల రాస్త. గీసారి నువ్వు చదవద్దు" అంది. మధ్యాహ్నం నుంచి తలుపేసుకుని రాస్తోంది. రేపు పొద్దున నీకే తెచ్చి ఇస్తుంది. అదే అచ్చు వేయించు. నా గురించి ఎంత కఠినంగా రాసినా ఒక్క మాట కూడా మెత్తబరచకు.

పద్నాలుగున వస్తాను. అందరికీ కనిపించేలా ముందు వరసలోనే కూర్చుంటాను.

నీ
నర్మద