పాత కాటా తెరిచిందెవరు

ఏమండీ, నేను రెంటచింతల బస్సుకి వెళ్తున్నాను. మొదటి నాపరాళ్ల లారీ వచ్చేలోపు కాటా గదిలో కొత్త కంప్యూటర్ ఆన్ చేయండి. లైనక్స్ లేచాక నేను పెట్టిన ఎమ్యులేటర్ మేనేజర్ కనిపిస్తుంది. అందులో ‘పాత కాటా’ నొక్కితే, పాడైపోయిన మన పాత కంప్యూటర్ ఈ కొత్తదాని తెర మీదే అచ్చం అలాగే తెరుచుకుంటుంది. బరువు తీసే ప్రోగ్రామ్ అందులోనే ఉంది. కట్టేసే ముందు ‘సేవ్’ నొక్కండి. ‘రీస్టోర్’ మాత్రం ముట్టుకోవద్దు, నొక్కితే నిన్నటి సేవ్‌కి వెనక్కి పోయి ఆ రోజు తూచిన లారీలన్నీ పోతాయి.

శుక్రవారం అలాగే పోయాయి. అడిగితే "నేను దాని జోలికే పోలా" అన్నారు. ఆ పొద్దున కంప్యూటర్ ఆన్ చేశాక, కాటాకి కుంకుమ బొట్టు పెడుతూ, కంప్యూటర్ బటన్‌కీ పెట్టాను. మధ్యాహ్నం దాన్ని కట్టేసి, ఇంటికొచ్చి అన్నం తిని వెళ్లేసరికి బొట్టు చెరిగిపోయి ఉంది. మీ చొక్కా ఉతికాను, చేతి రుమాలూ చూశాను. ఎక్కడా కుంకుమ లేదు. సాయంత్రం మనింట్లో పక్క కాటా ఉపేంద్ర టీ తాగిన గ్లాసుకి మాత్రం ఎర్రటి వేలిముద్ర ఉంది.

అతనికి మన కాటా గదిలో ఏం పని? పాస్‌వర్డ్ మీరే చెప్పారా? "మనోడేగా, ఏందే నీ అనుమానం" అంటారని తెలుసు. అందుకే మార్చేశాను. కొత్తది మన పెళ్లి తేదీ. ఉపేంద్రకి అది తెలియదు. మీకు తెలుసో లేదో మొదటి లారీకే తేలుతుంది.

పప్పు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకోండి.

ఇంద్రజ

తేదీ కోసం మీ అక్కకి ఫోన్ చేయొద్దు. చెప్పొద్దని ఆవిడకి రాత్రే చెప్పాను.